ట్రాక్టర్ తాళం ఇవ్వలేదు

నేను యుద్ధ విమానాల్లో ఎజెక్షన్ సీట్ల టెక్నీషియన్‌ని. ప్రమాదం వస్తే పైలట్‌ను బయటికి ఎగరేసే సీట్లవి. పని ముగిశాక పెట్టెలో ఒక్క పనిముట్టు తగ్గినా, అది దొరికేదాకా విమానాన్ని కదలనివ్వం.

మొన్న వానకాలం సెలవుపై ఇబ్రహీంపట్నం దగ్గరి మా ఊరికి వెళ్లాను.

"సీట్ల పనే గద నీది! మన ట్రాక్టర్ సీటు ఊగుతుంది, జర సూడు" అన్నాడు బాపు.

సీటు బిగించి పనిముట్లు సర్దుతుంటే స్క్రూడ్రైవర్ లేదు. వెంటనే ట్రాక్టర్ తాళం తీసి జేబులో వేసుకున్నాను.

"మంచాల ఊరి దిక్కు మొగులైంది, వానొచ్చేటట్టుంది. దున్నేదెప్పుడు? తాళం ఇయ్యిరా!"

"స్క్రూడ్రైవర్ ఇంజన్ల పడ్డదేమో బాపూ. దొరికినంక ఇస్త."

"గిది ట్రాక్టర్‌రా, ఇమానం గాదు!"

బానెట్ లేపి చూశాను. కిందికి దూరి వెతికాను. పైనుంచి బాపు తిట్లు ఆగలేదు. ఇంతలో వాన దంచికొట్టింది. ఇక చేలోకి ట్రాక్టర్ దిగితే కూరుకుపోవడమే.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఆమె చేతిలో నా స్క్రూడ్రైవర్!

"కుక్కర్ పిడి ఊగుతుంటే బిగించిన. గింత లొల్లెందుకు?"

నాకు ఒళ్లు మండిపోయింది. బాపు వెళ్లి ట్రాక్టర్ ఎక్కి కూర్చున్నాడు. "సీటైతే మస్తు బిగించినవ్‌రా. వానెలిసేదాక గీడనే కూసుంట" అన్నాడు.

ఉద్యోగంలో మెప్పు తెచ్చే అలవాటే ఇంట్లో దుక్కి ఆపింది. ఎవరిమీద కోపగించుకోవాలో నాకిప్పటికీ తెలియదు. కానీ రేపు మళ్లీ పనిముట్టు తగ్గినా, తాళం మాత్రం ఇవ్వను.