నలభై మూడో నంబరు బిల్ల

1949. సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ వెనక సందులో, మేడ మీద మా వకీలు సాబ్ ఆఫీసు. నేను ఆయన గుమాస్తాని. ఆ ఏడు ఒక కేసు గెలిపించాను. ఒకే ఒక్క ప్రశ్నతో మిల్లు మేనేజరు నోరు మూయించాను. ఈ మాట యాభై ఏళ్లుగా పెళ్లిళ్లలో, రైళ్లలో, ఆసుపత్రి వరండాల్లో చెబుతూనే ఉన్నాను. తీరా రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆగుతోంది. ఎనభై దాటాక పాత గొప్పలు మోయడం కూడా బరువే. కాబట్టి జరిగింది జరిగినట్టే చెబుతా. మధ్యలో ఎక్కడైనా ఉబ్బితే నేనే చెప్పి గాలి తీసేస్తాను.

పోలీస్ యాక్షన్ అయి ఇంకా ఏడాది కాలేదు. మెట్టుగూడ నుంచి ఖాజాబీ అనే ఆమె వచ్చింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. భర్త ఇమాం సాబ్ అల్వాల్ దారిలో ఒక నూనె మిల్లులో బస్తాలు పేర్చేవాడు. మిల్లు పేరెందుకు లెండి, యజమాని మనవలు మంచివాళ్లు. సైన్యం ఊళ్లోకి వచ్చిన రోజు సాయంత్రం మిల్లువాళ్లు ఇమాం సాబ్ శవాన్ని బండి మీద తెచ్చి ఇంటి ముందు దించారు. రోడ్డు మీద జనాన్ని చూడబోయాడనీ, లారీ తగిలిందనీ చెప్పి వెళ్లిపోయారు. బస్తాల వరస కూలి మీద పడిందని తోటి పనివాడు ఒకడు ఖాజాబీ చెవిలో చెప్పాడు. మా ఆఫీసుకు రమ్మంటే మాత్రం మొహం చాటేశాడు.

వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ అని ఒక చట్టం ఉంది. పనివాడు ‘ఇన్ ది కోర్స్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్’, అంటే పనిచేస్తూ ఉండగా పోతే, యజమాని ఆ కుటుంబానికి పరిహారం కట్టాలి. కేసంతా ఆ మాట మీదే నిలబడుతుంది. గేటు లోపల పోతే పరిహారం, గేటు బయట పోతే సానుభూతి.

మొదటి రోజు ఆమె నా ముందు కూర్చుని అన్న మొదటి మాట ఇది:

"గుమాస్తా సాబ్, ఆయన బిల్ల ఇంటికి రాలే."

"ఏం బిల్ల?"

"ఇత్తడి బిల్ల. మిల్లోల్లు ఇస్తరు. నలభై మూడు నంబరు."

ఆ ఇత్తడి ముక్క తిరిగి ఇప్పించమంటోందనుకున్నాను. "బిల్ల కోసం కేసేస్తరా బీబీ? డెత్ సర్టిఫికెట్ తెచ్చినవా?"

"అది లేదు. గని జెర ఇనుండ్రి, ఆ బిల్ల..."

"సర్టిఫికెట్ తే. తర్వాత మాట్లాడుదాం."

ఇక షురూ అయింది తక్లీఫ్. ఆ వారం చావుల రిజిస్టరు ఎక్కడుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. రాసిన గుమాస్తా బదిలీ అయిపోయాడు. నాలుగు నెలలకు సర్టిఫికెట్ దొరికితే దాని మీద ఫసలీ తేదీ ఉంది. నిజాం సర్కారు లెక్కన అది సరైనదే. కొత్తగా వచ్చిన దొరలకు ఇంగ్లీషు తేదీ కావాలి. మళ్లీ పంపాను. అర్జీ ఉర్దూలో రాస్తే ఇంగ్లీషులో తెమ్మన్నారు. ఇంగ్లీషులో తెస్తే తర్జుమా చేసినవాడి సంతకం ఏదన్నారు. సంతకం పెట్టిస్తే అసలు ఉర్దూ అర్జీ ఏదన్నారు. అది వాళ్ల దగ్గరే పోయింది! ఆమె భార్యేనని రుజువు కావాలి, పిల్లలు పిల్లలేనని రుజువు కావాలి. ప్రతిసారీ ఆ తల్లి మెట్టుగూడ నుంచి నడిచి రావడం, ఇంకేదో కాగితం లేదని నేను తిప్పి పంపడం. వచ్చినప్పుడల్లా పోయేముందు ఒకసారి, "సాబ్, ఆ బిల్ల..." అనేది.

"నీ బిల్ల గోల ఏందమ్మా! పరేషాన్ చేయకు," అని ఒకరోజు గట్టిగానే అరిచాను.

ఎట్లాగో విచారణ దాకా వచ్చింది. ఈ పరిహారం కేసులు వినే కమిషనర్ గారు నన్ను పేరు పెట్టి పిలిచేవారని మా ఇంట్లో చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఆయన పిలిచింది "ఏయ్, ఫైల్ లావ్" అని.

మేనేజరు ఇస్త్రీ కోటులో వచ్చాడు. "ఆ రోజు ఇమాం పనికే రాలేదు. తమాషా చూడబోయాడు," అన్నాడు. హాజరు పట్టీ అడిగితే గడబిడలో పోయిందన్నాడు. "అయినా మా మిల్లులో అంతా పద్ధతి ప్రకారం. పొద్దున గేటు దగ్గర బిల్ల ఇచ్చి లోపలికి రావాలి, సాయంత్రం తీసుకుని ఇంటికి పోవాలి. ఏ రాత్రీ ఒక్క బిల్ల కూడా మా దగ్గర మిగలదు," అని మీసం సవరించుకున్నాడు.

మా వకీలు సాబ్ దగ్గర సాక్షి లేడు. ఆయన కళ్లజోడు తుడుచుకోవడం చూస్తే కేసు పోయిందని నాకు తెలిసిపోయింది. కమిషనర్ మర్యాదకి, "బీబీ, నువ్వేమైనా అడుగుతావా?" అన్నారు.

"ఏం లేదు సాబ్," అన్నాను నేను. అవును, నేనే అన్నాను.

ఆమె నన్ను పక్కకు నెట్టినంత పని చేసి ముందుకొచ్చింది. "ఉన్నది సాబ్. మా ఆయన నంబరు గిప్పుడు ఎవరికిచ్చిండ్రు?"

మేనేజరు నవ్వాడు. "కొత్తగా చేరినవాడికి. నంబరు ఖాళీగా ఎందుకుంచుతాం?"

"మల్ల వానికి కొత్త బిల్ల కొట్టించిండ్రా?"

"కొత్తదెందుకు? పాతదే శుభ్రంగా ఉంటే! మేం దుబారా మనుషులం కాదు."

కమిషనర్ కలం కింద పెట్టారు. "ఆ రోజు పనికే రాకపోతే అతని బిల్ల ఇంట్లో కదా ఉండాలి. మీ దగ్గరికి ఎట్లా వచ్చింది?"

రోడ్డు మీద దొరికిందన్నాడు మేనేజరు. ఎవరు తెచ్చిచ్చారని అడిగితే గుర్తు లేదన్నాడు. తర్వాత మంచినీళ్లు అడిగాడు. వచ్చే వాయిదాకి గేటు దగ్గర బిల్లలు తీసుకునే ముసలాయన్ని పిలిపిస్తే, అతను కమిషనర్ మొహం చూడగానే అంతా చెప్పేశాడు. బస్తాలు పడ్డదీ, బండి కట్టిందీ, నలభై మూడో బిల్ల ఆ సాయంత్రం గేటు దగ్గర మేకుకే ఉండిపోయిందీ.

ఆ ప్రశ్న నేనే చీటీ మీద రాసి వకీలు సాబ్‌కి అందించానని తర్వాత ఊరంతా చెప్పుకున్నాను. అడిగింది ఖాజాబీ. వద్దన్నది నేను.

ఆర్డర్ కాపీ వచ్చిన రోజు ఆమె పిల్లలతో వచ్చింది. పరిహారం ఎంతో అడగలేదు. "ఆయన ఏడ సచ్చిండని రాసిండ్రో అది చదువుండ్రి," అంది. మిల్లు లోపల, పనిచేస్తుండగా అని తెలుగులో చెప్పాను.

"ఇంకోసారి సదువుండ్రి."

చదివాను.

"బస్తీల అందరు అన్నరు సాబ్, పని ఎగ్గొట్టి తమాషా చూడబోయి సచ్చిండని. పిల్లల ముంగట సుత అన్నరు. ఈ కాగితం వాళ్లందరికి చదివిపిస్త."

"ఆ బిల్ల సంగతి మొదటి రోజే సరిగ్గా చెబితే ఇంత తిరుగుడు ఉండేది కాదు కదమ్మా," అన్నాను, తప్పు ఆమె మీదికి నెట్టుదామని.

"చెప్పనిస్తే గద!" అంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు గుమాస్తా పని చేశాను. మనిషి పోయిన ఇంటివాళ్లు ఎవరొచ్చినా, ఏ కాగితమూ అడగకముందు "ఆ రోజు ఏమైందమ్మా?" అని అడిగేవాణ్ణి. వాళ్లు ఎక్కడెక్కడినుంచో మొదలుపెట్టేవారు, పొద్దున వండిన కూర దగ్గర్నుంచీ. పని ఆలస్యమయ్యేది, వకీలు సాబ్ లోపల్నుంచి కేకలేసేవారు. నాకూ విసుగొచ్చేది, కూర సంగతి మనకెందుకని. అయినా రాసుకునేవాణ్ణి, కూరతో సహా.