అరుగెక్కిన చదువు

గురమ్మ బతికినన్నాళ్ళూ పొద్దుటి చదువు మానలేదు. అయితే మొదట్లో ఆ అలవాటు ఎంత గండం గడిచిందో చెబితే ఎవరూ నమ్మరు.

కళింగపట్నం దగ్గరి పల్లెలో మేనత్త అసిరమ్మ కొడుకు లక్ష్ముడికే ఆమెను ఇచ్చారు. ఇంటిపిల్ల ఇంటికే వచ్చింది కాబట్టి పేచీ లేదు. కాకపోతే గురమ్మ తండ్రి దాలయ్య నడివయసులో క్రైస్తవంలో కలిశాడు, అసిరమ్మ ఊరి అమ్మవారినే కొలిచేది. దాని గురించి ఆ అన్నాచెల్లెళ్ళు ఏనాడూ తగువులాడుకోలేదు. కూతుర్ని అత్తవారింటికి పంపేటప్పుడు దాలయ్య నల్ల అట్ట బైబిలు, ఒక రూళ్ళ పుస్తకం, పెన్సిలు చేతిలో పెట్టాడు. రోజూ పొద్దున్నే ఒక అధ్యాయం చదువు, నీకేం తోచిందో రెండు ముక్కలు రాసుకో, అది తప్పకుండా చేస్తే నువ్వెక్కడున్నా నాకు బెంగుండదమ్మా అన్నాడు. గురమ్మ సరేనంది. అనడానికేం, ఎంతసేపు!

పొద్దున్నే చదువుకోమని చెప్పడం మగవాడికి తేలికే. కోడలికి కోడి కూయగానే కల్లాపి జల్లాలి, అంబలి కాచాలి, పొలానికి పరుగెత్తాలి. ఊడ్పుల రోజుల్లో గురమ్మ బైబిలు తెరిస్తే ఒట్టు. ఒకరోజు చదివితే నాలుగు రోజులు ఎగ్గొట్టేది. ఎగ్గొట్టిన రోజల్లా తండ్రికి అబద్ధం చెప్పినట్టుండి అన్నం సయించేది కాదు. ఊడ్పులయ్యాక పట్టుబట్టింది. అందరికంటే ముందు లేచి, బుడ్డి దీపం పట్టుకుని పశువుల సాలలో కూర్చునేది. అత్త చూస్తే కిరసనాయిలు దండగంటుందని భయం. అడిగి చూడొచ్చు కదా? కొత్త కోడలు, అడగలేదు. పైగా గురమ్మకు మనసులో చదువుకోవడం చేతకాదు. కూడబలుక్కుంటూ, గొణుక్కుంటూ చదవాల్సిందే. చదవడమయ్యాక పెన్సిలు నాలుక మీద తడిపి రెండు ముక్కలు రాసేది. కోతల నాటికి ఎవరూ లేపకుండానే మెలకువ రావడం మొదలైంది. చదివిన రోజు ఎంత పని చేసినా ఒళ్ళు తేలిగ్గా ఉండేది.

ఇదంతా పక్కింటి నారాయణమ్మ దడి సందులోంచి చూసింది. చీకట్లో దీపం, నల్ల పుస్తకం, గొణుగుడు, రాత! సరిగ్గా అప్పుడే ఆవిడ గేదె చేపడం మానేసింది, పొదుగు ఎంత నిమిరినా పాలచుక్క రాలలేదు. ఇంకేముంది, గురమ్మ చిల్లంగి మంత్రాలు నేర్చి గేదె పాలు కట్టేసిందని నూతి దగ్గర గుసగుసలు బయలుదేరాయి. ఆమె ఎదురొస్తే ఆడవాళ్ళు పిల్లల్ని కొంగుచాటుకు లాక్కునేవారు. ఇది అరవై ఎనిమిది నాటి మాట. ఆ రోజుల్లో చిల్లంగి పేరు పడ్డ మనిషికి మంత్రం నోట పలక్కుండా పళ్ళు ఊడగొట్టేవారని చంటిపిల్లలకు కూడా తెలుసు.

గురమ్మ హడలిపోయింది. పుస్తకాలు రెండూ గుడ్డలో చుట్టి గాదె వెనక పడేసింది. పాడు మెలకువ మాత్రం ఆ వేళకే వచ్చేది. చాప మీద పడుకుని చప్పుడు కాకుండా ఏడ్చేది. ప్రాణభయం ఒకటి, తండ్రి మాట పోతోందన్న బాధ ఒకటి.

ఒకరోజు అంబలి పోస్తుంటే అసిరమ్మ అడిగేసింది.

"ఏటే గురీ, సాల్లోకి ఎల్లడం మానేసావు. నీ సదువేటయ్యింది?"

గురమ్మ నిలువునా నీరైపోయింది. అత్తకు మొదటినుంచీ తెలుసన్నమాట! ఏడుస్తూ అంతా చెప్పింది, ఇంక ఆ పుస్తకం ముట్టనని కాళ్ళు పట్టుకుంది. అసిరమ్మ నోటికి ఊరంతా జడుస్తుంది, కానీ ఆ వేళ గొంతు పెంచలేదు.

"మా అన్న ఇచ్చిన పొత్తకం దాక్కుని సదివితే ఊరేటనుకుంటాది? రేపు అరుగు మీద కూకుని అందరికీ ఇనపడీలాగ సదువు. నాను పక్కనుంటాను. ఎవులేటంటారో సూస్తాను."

మర్నాడు తెలవారుతూనే గురమ్మ అరుగు మీద కూర్చుంది. పక్కన అసిరమ్మ, చేతిలో చీపురుతో. కోతలైన చేలల్లో రాలిపోయిన పరిగె ఏరడానికి ఆడవాళ్ళు బుట్టలతో బయలుదేరే వేళ అది. మొగుడు పోయినా అత్తను విడవక ఆమె వెంట నడిచి, పరాయి ఊరి చేలో పరిగె ఏరి ఆమెను పోషించిన కోడలి కథ బైబిల్లో తీసింది గురమ్మ. పరిగె అన్న మాట వినపడేసరికి బుట్టలు ఆగిపోయాయి. ఆ పిల్లను కసరొద్దని, కావాలనే కొన్ని గుప్పిళ్ళు జారవిడవమని చేనుగల ఆసామి చెప్పిన చోట, అలాంటి కామందు మనకెక్కడ దొరుకుతాడే అని ఎవరో నిట్టూర్చారు. నారాయణమ్మ అందరికంటే వెనక నిలబడింది.

"ఇదేనేటే నువ్వు సాల్లో గొణిగింది?" అంది.

"ఇదే పిన్నీ."

"దూడ సచ్చిన గేదె ఎలాగ సేపుతాదే నారాయణమ్మా? దానికి నా కోడలేటి సేసింది?" అంది అసిరమ్మ. బుట్టలెత్తుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

గురమ్మకు గుండెల మీంచి బండ దించినట్టయింది. ఎన్నాళ్ళ నిద్రో ఆ రాత్రి ముంచుకొచ్చింది. మర్నాడు ఆమె కళ్ళు తెరిచేసరికి బాగా తెల్లారిపోయింది. వాకిట్లో కల్లాపి జల్లేసి ఉంది. అసిరమ్మ భుజం పట్టి కుదుపుతోంది.

"లెగే. నారాయణమ్మొచ్చి అరుగు మీద కూకుంది. ఆ కోడలికి తరవాతేటయ్యిందో సెప్పాలట."

గురమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అత్తను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడుపు తరవాత," అంది అసిరమ్మ. "ముందు సదువు."