సీతమ్మకు ముగ్గురు తండ్రులు

లోకంలో పెళ్లిళ్లు చెడగొట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. పుల్లలు పెట్టి చెడగొట్టినవాళ్లు, ఎదురొచ్చి తుమ్మి చెడగొట్టినవాళ్లు, విస్తరిలో రెండో గారె పడలేదని అలిగి చెడగొట్టినవాళ్లు. కానీ సాక్షాత్తూ సీతారాముల పెళ్లినే పీటల మీద చెడగొట్టబోయిన ఘనత మాత్రం నాది. రావణాసురుడంతటివాడు కూడా అరణ్యవాసం దాకా ఓపిక పట్టాడు. నేను జీలకర్ర బెల్లం దాకా కూడా పట్టలేకపోయాను.

ఇది జరిగింది అరవైల మొదట్లో, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చిన్న పాలెంలో. అప్పటికి ఎదురుగా కనిపించే శ్రీహరికోట దీవిలో సరుగుడు తోపులు తప్ప రాకెట్లు లేవు. ఆ చుట్టుపక్కల మొట్టమొదట ఆకాశానికి ఎగిరింది మన వంశం పరువేనని మా పెదనాన్న బతికున్నన్నాళ్లూ అంటూనే ఉన్నారు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. పెదనాన్న దగ్గర పౌరోహిత్యం నేర్చుకున్నాను. సూళ్లూరుపేటలో నేను తాళం పట్టని శనివారం భజన లేదు. రామకథ అంటే ప్రాణం; ఆ కథ నాకెంత బాగా తెలుసో ఎదుటివాళ్లకు తెలియకపోతే ప్రాణం పోయినంత పని. భక్తి పాలలాంటిదైతే నా పొగరు దానిమీద మీగడ. పిల్లిని చంకన పెట్టుకొని పెళ్లికి పోయినవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది గానీ, పొగరును చంకన పెట్టుకొని పోయినవాడి పక్కన ఆ పిల్లివాడు బ్రహ్మజ్ఞాని.

ఆ పాలెంలో శ్రీరామనవమి కల్యాణం ఏటా పెదనాన్నే జరిపించేవారు. ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్లలో దిగదు. ఉత్తర వీధివాళ్లు మగపెళ్లివారు, దక్షిణ వీధివాళ్లు ఆడపెళ్లివారు. ఒక జంట దశరథ దంపతులుగా, ఇంకొక జంట జనక దంపతులుగా పీటల మీద కూర్చుంటారు. ఇదేదో వేషమనుకునేరు. ఎదురుకోలులో పానకం చల్లగా లేదని మగపెళ్లివారు నిజంగానే అలుగుతారు. వాళ్లను బతిమాలడానికి దక్షిణ వీధి నిజంగానే కదిలిపోతుంది.

ఆ ఏడు జనకుడి పీట పోలయ్యది. నల్లగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. అతనికీ, భార్య చెంగమ్మకూ పిల్లల్లేరు. కిందటేడు కల్యాణం అయిన మర్నాడే వచ్చి పెదనాన్న ముందు నిలబడ్డాడు.

"కన్యాదానం చేస్తే పుణ్యమంటారు గదా సామీ. మా నుదుట ఆ గీత లేదు. వచ్చే నవమికి సీతమ్మను ఒక్కసారి మా చేత్తో ఇప్పించండి."

"ఇప్పిస్తాలే పోలయ్యా. ఆ తల్లి మీ ఇంటి బిడ్డగానే పీట మీదికి వస్తుంది," అన్నారు పెదనాన్న.

ఆ మాట పట్టుకొని ఏడాదంతా ఎదురు చూశారు ఆ మొగుడూ పెళ్లాలు. చెంగమ్మ సీతమ్మకు పుట్టింటి చీర తెచ్చింది. పెళ్లికూతురికి తల్లి పెట్టే చలిమిడి ఆ తెల్లవారుజామున స్వయంగా దంచి చేసింది. ఇద్దరూ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉపవాసం ఉన్నారు.

ఇంత భక్తి ఉన్నచోట నా మీగడ ఊరికే ఉంటుందా? నేను పోలయ్యను పక్కకు పిలిచి, యజ్ఞపురుషుడు దశరథుడికి పాయసపాత్ర ఇచ్చినంత గంభీరంగా చెప్పాను.

"పోలయ్యన్నా, పెళ్లిలో ప్రవర చదువుతాం. పిల్లవాడు ఫలానా గోత్రం, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని. ఆ వెంటనే పిల్ల ఫలానావారి కూతురు అని. మా పెదనాన్న నోట జనక మహారాజు పేరు రాగానే నువ్వు లేచి దండం పెట్టాలి. ఆ పేరు నీదే. మేళంవాళ్లు కూడా సరిగ్గా అక్కడే అందుకుంటారు. చెప్పి ఉంచాను."

"జనక మహారాజు," అని పోలయ్య నోట్లోనే అనుకున్నాడు. "నేనేనా సామీ?"

"నువ్వే."

"నెల దినాలుగా ఇదే గోల సామీ," అంది చెంగమ్మ. "వలేస్తా కూడా జనక జనక అని గొణగతుండాడు. చేపలు బెదిరి పారిపోతుండాయి."

ఇక మైకు సంగతి. ఆ పాలేనికి మైకు రావడం అదే మొదలు. సూళ్లూరుపేట నుంచి మస్తాన్ అనే ఆయన తెచ్చి, దాని గొట్టాన్ని తాటిచెట్టు మీద కట్టాడు. ఆ గొట్టం చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. వరుడి ప్రవర నేనే చదువుతానని పెదనాన్న కాళ్లావేళ్లా పడి ఒప్పించుకున్నాను. వధువు ప్రవర ఆయన చదవాలని ఏర్పాటు. పది రోజులు వరుడి ప్రవర ఒక్కటే సాధన చేశాను. స్నానం చేస్తూ, నడుస్తూ, అన్నం నములుతూ. మా గేదె కూడా వసిష్ఠ గోత్రం అనగానే తల ఊపేది.

తీరా ముహూర్తం దగ్గరపడింది. పెదనాన్న మైకు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారో లేదో, అది కుయ్యిమని కూసింది. ఆయన చెంగున వెనక్కి దూకారు.

"ఏమిటయ్యా ఇది, నన్ను చూసి ఈలేస్తోంది?"

"కొత్త గదా సామీ. రెండు మాటలు మాట్లాడినారంటే అదే అలవాటు పడతాది," అన్నాడు మస్తాన్.

"దానికి అలవాటయ్యే వయసు నాది కాదు," అని పెదనాన్న నావైపు తిరిగారు. "ఒరే, రెండు ప్రవరలూ నువ్వే చదువు. వచ్చు గదా?"

ఎంత మాట. ఆంజనేయుణ్ణి పిలిచి సముద్రం దూకడం వచ్చా అని అడిగినట్టుంది. వచ్చునని తల ఊపి, మైకును రెండు చేతులా పట్టుకున్నాను.

వరుడి ప్రవర మొదలుపెట్టాను. ఏమని చెప్పను! నా గొంతు తాటిచెట్టెక్కి, పడవలన్నిటి మీదుగా సరస్సులోకి పోయి, అవతలి ఒడ్డును తాకి తిరిగొచ్చింది. ఒడ్డున కొంగలు లేచిపోయాయి. వసిష్ఠ గోత్రోద్భవుడు, నాభాగ మహారాజు మునిమనవడు, అజ మహారాజు మనవడు, దశరథ మహారాజు పుత్రుడు శ్రీరామచంద్రుడు. ఉత్తర వీధి చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు తెలియలేదు. ఆ ఊపులోనే, ఊపిరి కూడా తీసుకోకుండా, వధువు ప్రవర అందుకున్నాను.

పదిరోజుల సాధన ఏం చేస్తుందో తెలుసా? గానుగెద్దును విడిచిపెట్టినా గుండ్రంగానే తిరుగుతుంది. నా నాలుక కూడా అంతే తిరిగింది. వసిష్ఠ గోత్రోద్భవీం అంది. నాభాగుడి మునిమనవరాలు అంది. అజుడి మనవరాలు అంది. చివరికి మైకు బద్దలయ్యేటట్టు, "దశరథ మహారాజ వర్మణః పుత్రీం, సీతాదేవి నామ్నీం కన్యాం," అని దీర్ఘం తీసి ముగించింది.

మేళం మోగలేదు. నాదస్వరం ఆయన బుగ్గలు పూరించుకొని జనకుడి పేరు కోసం నావైపు అలాగే చూస్తున్నాడు. ఆ బుగ్గలు చూశాక గానీ నాకు వెలగలేదు.

ఒకే గోత్రమైతేనే పెళ్లి పనికిరాదంటుంది శాస్త్రం. నేను గోత్రంతో ఆగలేదు. రాముణ్ణీ సీతనూ ఒకే తండ్రి బిడ్డల్ని చేశాను.

మగపెళ్లివారి పీట మీద దశరథుడిగా కూర్చున్న రవణయ్య పడవల ఆసామి, పెద్ద నోటివాడు. "ఏంది సామీ, ఇన్నేళ్లూ నాకు నలుగురూ మగబిడ్డలే అన్నారు గదా. ఈ ఆడబిడ్డ యాడ నించి వచ్చినాది?" అన్నాడు.

పక్కన ఆయన భార్య మొగుడివైపు ఓరగా చూసింది. "నేనూ అదే అడుగుదామనుకుంటుండా. నాకు తెలవకుండా యాడిదయ్యా?"

పందిరంతా గొల్లుమంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. పాపం వాళ్లకు మైకు తెలియదు. మైకులో నోరు జారితే, జారిన మాట సరస్సు దాటిపోయి, తిరిగొచ్చి మన చెవిలోనే మళ్లీ పడుతుంది.

అక్కడ తప్పయిందని చెంపలు వేసుకుంటే పోయేది. కానీ చదువుకున్నవాణ్ణి కదా. "దశరథుడికి కూతురు లేదని ఎవరన్నారు? శాంత అని ఉంది. పురాణాల్లో ఉంది," అన్నాను, మైకు ముందే నిలబడి.

"అట్టయితే శాంతను తెచ్చి రాముడి పక్కన కూచోబెట్టినారా?" అన్నాడు రవణయ్య.

"అబ్బే, శాంతకు ఋష్యశృంగ మహర్షితో ఎప్పుడో పెళ్లయిపోయింది."

"అంటే పెళ్లయిన అక్కను తెచ్చి తమ్ముడికి కట్టబెడతన్నారు."

మస్తాన్ నా వెనకనుంచి మెల్లగా, "సామీ, స్విచ్చి ఆపేసేదా?" అని అడిగాడు. ఆ పందిట్లో నా మేలు కోరిన మనిషి ఆ క్షణాన ఆయనొక్కడే.

నవ్వనివాళ్లు ఇద్దరే ఉన్నారు. పోలయ్య దండం పెట్టడానికి సగం లేచి, లేవాలో కూర్చోవాలో తెలియక, చేతులు జోడించుకొని అలాగే వంగి ఉన్నాడు. చెంగమ్మ ఒళ్లో చలిమిడి పళ్లెం.

"అట్టయితే ఈ చలిమిడి యాడ పెట్టేది సామీ?" అని అడిగింది నన్ను. "బిడ్డ మాది గాదంటివి గదా."

నవ్వులు ఆగిపోయాయి. పెదనాన్న నా మోచెయ్యి పట్టుకొని గిల్లారు.

"ఒరే అప్రాచ్యుడా, ప్రవర మూడుసార్లు చదవాలి. ఇంకా రెండున్నాయి. లగ్నం మించిపోతోంది. జనకుడు. ఎవరు?"

"జనకుడు."

"చదువు."

రెండో విడత. వరుడి ప్రవర ఎలాగో గట్టెక్కించాను. వధువు ప్రవరకు వచ్చేసరికి గౌతమ గోత్రం సరిగ్గా పలికాను. సీతమ్మ ముత్తాత స్వర్ణరోముడు సరిగ్గా పలికాడు. తాత హ్రస్వరోముడూ పలికాడు. ఇంకొక్క పేరు. ఈసారి పోలయ్యకు ఎక్కడా లోటు రాకూడదని ఆయన ముఖంలోకే చూస్తూ, ఆయన కోసమే అన్నట్టు, ఉన్న భక్తినంతా గొంతులోకి తెచ్చుకొని పలికాను.

"పోలయ్య మహారాజ వర్మణః పుత్రీం..."

నాదస్వరం ఆయన ఇక ఊపిరి బిగబట్టలేకపోయాడు. ఏ మహారాజైతేనేం అనుకొని అందుకున్నాడు. డోలు కలిసింది. దక్షిణ వీధి ఆడవాళ్లు అక్షింతలు చల్లేశారు. పోలయ్య నిటారుగా లేచి నిలబడి దండం పెట్టాడు. ఆ నల్లటి ముఖం మీద నీళ్లు ధారలు కడుతున్నాయి.

రవణయ్య ఊరుకుంటాడా? "ముందు మా ఇంటి పిల్ల అంటిరి. ఇప్పుడు పోలయ్య పిల్ల అంటన్నారు. మూడోసారికి ఎవురింటికి పంపిస్తారు సామీ ఆ తల్లిని?"

నేను మూడోసారికి నోరు తెరవబోయాను. చెంగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంక వొద్దులే సామీ. ఇది చాలు."

చూశారా ఇరకాటం. మూడోసారి చదవకపోతే పెళ్లి కాదు. చదివితే, ఏడాది ఎదురుచూసి ఇప్పుడే పొందిన బిడ్డను ఆ తల్లి దగ్గర్నుంచి లాక్కోవాలి. నేను పెదనాన్నవైపు చూశాను. ఆయన కండువా దులుపుకొని, నన్ను పక్కకు నెట్టి, ఆ ఈలవేసే మైకు ముందుకు తామే వచ్చి నిలబడ్డారు. దాని ధైర్యం ఏమైందో గానీ ఈసారి అది కూయలేదు.

"చెంగమ్మా, జనకుడు మాత్రం సీతమ్మను కన్నాడా? నాగటి చాలులో దొరికితే ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నందుకే తండ్రయ్యాడు. ఆయనకు నాగటి చాలులో దొరికింది, నీకు మావాడి నోట్లో దొరికింది. దొరికిన చోటు కాస్త అధ్వాన్నం, అంతే. బిడ్డ మాత్రం నీదే. ఇప్పుడు జనకుడి పేరు చదివినా అది మీ ఆయన పేరే. చదవనిస్తావా?"

చెంగమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకొని రవణయ్య భార్యవైపు తిరిగింది. "వొదినా, మా బిడ్డను బాగా చూసుకుంటారా?"

"మా కోడలు గదా, కంట్లో పెట్టుకుంటాం," అంది ఆవిడ. "మా ఆయన కూతురు గాకుంటే చాలు."

మూడోసారి పెదనాన్నే చదివారు. జనకుడు జనకుడిగానే వచ్చాడు. పోలయ్య దంపతులు రాముడి పాదాలు కడిగి సీతమ్మను ధారపోశారు. చెంగమ్మ చలిమిడి పెట్టింది. తలంబ్రాలు కురిశాయి. వాటిలో సగం రవణయ్య గురిచూసి నా నెత్తిన పోశాడు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. మరుసటి ఏడు జనకుడి పీట మీద కూర్చున్నాయన, "రెండోసారి నా పేరు చదవాల సామీ, పోలయ్యకు చదవలా?" అని భీష్మించాడు. పెదనాన్న నావైపు ఒక్క చూపు చూసి చదివారు. ఆ మరుసటి ఏడు ఇంకొకాయన. ఆ తరవాత అడగడం కూడా మానేశారు, చదవకపోతే తప్పన్నారు.

చాలా ఏళ్లకు, నా జుట్టు నెరిశాక, దూరం నుంచి ఒక మహాపండితుడు ఆ కల్యాణం చూడటానికి వచ్చారు. రెండో ప్రవరలో పాలెం మనిషి పేరు వినగానే ఆయన ఒళ్లు పులకరించింది.

"ఎంత అపూర్వమైన సంప్రదాయం. ఎప్పటి నుంచి ఉందయ్యా ఇది?" అని అడిగారు.

రవణయ్య కొడుకు చేతులు కట్టుకొని, "పూర్వం నించి సామీ. ఎవురో మహానుభావుడు పెట్టినాడంట," అన్నాడు.

పండితుడు కళ్లు మూసుకొని ఆ మహానుభావుడికి నమస్కరించారు. ఆ పూర్వం ఆయన పక్కనే కూర్చొని మజ్జిగ తాగుతోంది. నాకు మజ్జిగ పొలమారింది.

అందుచేత సీతారాముల సాక్షిగా, పోలయ్య మహారాజుతో కలిపి సీతమ్మ ముగ్గురు తండ్రుల సాక్షిగా, ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇక మైకు ముందు తప్పు చేయను. తప్పుకు భయపడి కాదు. తప్పయితే చెంపలు వేసుకుంటే పోతుంది. ఆచారమైపోతే ఏటేటా దగ్గరుండి జరిపించాలి.