మా అక్క విడాకుల నకలు కోసం నా దండయాత్ర

ముందే చెబుతున్నాను, ఈ కథలో నేను తప్ప అందరూ బుద్ధిమంతులే. గద్వాల, నాగర్‌కర్నూలు, వనపర్తి, మూడు ఊళ్ల కోర్టుల్లోనూ గుమస్తాలతో తగువు పెట్టుకుని, మా అక్క రెండో పెళ్లిని దాదాపు గంగలో కలిపి, నా పరువు నేనే తీసుకున్న వైనం ఇది. హాయిగా నవ్వుకోండి. జాలి మాత్రం పడకండి, అంత యోగ్యత నాకు లేదు.

అప్పట్లో నేను గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. అందులో న్యాయవ్యవస్థ అని ఒక పాఠం ఉంటుంది. ఆ పాఠం చెప్పీ చెప్పీ, కోర్టుల సంగతి నాకు తెలిసినంత జడ్జీలకు కూడా తెలియదని ఒక గట్టి నమ్మకం ఏర్పడింది. వీధిలో ఎవరికి ఏ తగాదా వచ్చినా పిలవకుండానే వెళ్లి సలహా పారేసేదాన్ని. విన్నవాళ్లెవరూ బాగుపడలేదు, అది వేరే సంగతి.

మా అక్క సరోజది నాకు పూర్తిగా భిన్నమైన తత్వం. పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుందంటే దీపాలు పెట్టేదాకా లేవదు, నోరు విప్పదు. గోపాల్‌పేట ఆంజనేయులుతో పెళ్లయి, పొసగక, విడిపోయి పుట్టింటికి వచ్చి చాలా ఏళ్లయింది. ఊరందరికీ పెళ్లిచీరలు నేసేది గానీ తన పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేది. అలాంటి మనిషి, కొత్తకోటలో లారీల మెకానిక్ నర్సింహ సంబంధం వచ్చినప్పుడు మొదటిసారి తలూపింది. అతనిదీ రెండో పెళ్లే. ఫోనులో అతనితో మాట్లాడుతూ అక్క నవ్వుతుంటే, మా అమ్మ వంటింట్లో నిలబడి కళ్లు ఒత్తుకుంది.

మాటలు ఖాయం చేసుకోవడానికి నర్సింహ అక్క యాదమ్మ వచ్చింది. టీ తాగి, మా ఇంటి గోడలన్నీ పరీక్షగా చూసి, అసలు సంగతి ఎత్తింది.

"అంత మంచిగనే ఉన్నది. గని కోర్టు విడాకుల కాగితం చూపియ్యాలె. రేపు ఆ గోపాల్‌పేటాయన వచ్చి నా పెండ్లాం అంటె మేం యాడ చావాలె?"

న్యాయమైన మాటే. అక్క మెల్లగా గొంతు సవరించుకుంది. "వదినె, మాది గదీ... పెద్దమనుషులు కూసొని..."

నేను ఆమె తొడ మీద గట్టిగా గిల్లాను. "నువ్వు ఊకో అక్కా, నీకేం తెల్వదు. వదినె, మాది పక్కా కోర్టు విడాకులు. నేనే దగ్గరుండి ఇప్పిచ్చిన. వనపర్తిల జడ్జిగారి ముందర సాక్షి సంతకం పెట్టింది గూడ నేనే."

"అయితె చూపియ్యి."

"ఇల్లు మారినప్పుడు యాడనో పోయింది. ఏం ఫికర్ లేదు, కోర్టుల నకలు తీస్త. నాకు చిటికెల పని. మరి మీ తమ్మునిది యాడ?"

యాదమ్మ మూతి మూడు వంకరలు తిప్పింది. "మాది గూడ కోర్టుదే. మీ లెక్క పోగొట్టుకునేటోళ్లం కాదు."

"అయితె మీరూ తేండ్రి. మీ కాగితం మేం చూడాలె, మా కాగితం మీరు చూడాలె. అప్పటిదాక పెండ్లి ముచ్చటనే లేదు!"

ఆ చివరి మాట అవసరమా అని మీరు అడగవచ్చు. అస్సలు అవసరం లేదు. శ్రావణంలో ముహూర్తం పెట్టుకుందామని ఇంటిల్లిపాదీ అనుకుంటుంటే, నేను ఒక్క మాటతో తలుపులు మూసేశాను. పైగా, ఎంత బాగా గడ్డి పెట్టానో అని ఆ రోజంతా మురిసిపోయాను.

మర్నాడే బడికి సెలవు పెట్టి గద్వాల కోర్టుకు వెళ్లాను. విడాకులైంది వనపర్తిలో కదా, గద్వాల ఎందుకంటారా? అక్కడే ఉంది నా మేధస్సు. పాత పాలమూరు జిల్లాను ముక్కలు చేసి కొత్త జిల్లాలు చేశారు కాబట్టి, కోర్టు ఫైళ్లు కూడా ఎవరి జిల్లాకు వాళ్లవి పంచేసి ఉంటారని నేను లెక్క కట్టాను.

"సార్, విడాకుల డిక్రీ నకలు కావాలె. సరోజ, ఆంజనేయులు."

"కేసు నంబరేందమ్మా?" అన్నాడు గుమస్తా.

"నంబరుంటె మీకాడికి ఎందుకొస్త?"

పాపం ఆయన ఓపిగ్గా పేర్లు కొట్టి కంప్యూటరులో వెతికాడు. "మాకాడ లేదమ్మా. కేసు యాడ ఏసిండ్రు?"

"వనపర్తిల. గని ఇప్పుడు జిల్లాలు పంచిండ్రు గద సార్. మా అక్క గద్వాల మనిషి, ఆమె ఫైలు గద్వాలకే రావాలె."

"ఫైళ్లు పుట్టింటికి రావమ్మా," అన్నాడాయన. "విడాకుల కేసు పెండ్లయిన కాడనో, కాపురమున్న కాడనో ఏస్తరు. ఆడ పోయి చూస్కో."

సరిగ్గా విని ఉంటే నేరుగా వనపర్తి బస్సు ఎక్కేదాన్ని. కానీ కాపురం అన్న మాట చెవిన పడగానే నాకు నాగర్‌కర్నూలు గుర్తొచ్చింది. అక్కాబావలు ఆ ఊళ్లోనే అద్దెకు ఉండేవాళ్లు. ఇంకేం, అక్కడికి పరుగెత్తి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి, నకలుకు అర్జీ పెట్టాను.

"అర్జీ సంగతి నోటీసు బోర్డు మీద పెడతం, వచ్చి చూస్కోండ్రి," అన్నాడు అక్కడి గుమస్తా. ఆ మాట చదువురాని వాళ్ల కోసమనుకున్నాను. నోటీసు బోర్డు చదవాలంటే చదువే కావాలి కదా అన్న ఆలోచన నాకు రాలేదు. దర్జాగా ఇంటికి వచ్చి ఫోను కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఒకరోజు అక్క మగ్గం ఆపి, "సుజాతా, జర నా మాట విను. మనది కోర్టు..." అని మొదలుపెట్టింది.

"అక్కా, మగ్గం సంగతి నువ్వు చూడు, కోర్టు సంగతి నేను చూస్త," అన్నాను. పాపం, మళ్లీ మగ్గం వైపు తిరిగింది.

ఫోను రాలేదు. మళ్లీ వెళ్లి చూస్తే, రికార్డు లేదని నా అర్జీని ఎప్పుడో తిప్పి పంపేశారు. ఆ ముక్క బోర్డు మీద వేలాడుతూనే ఉంది.

"నాకు ఫోను ఎందుకు చెయ్యలే?" అని ఎగిరాను.

"ఎవ్వరికీ చెయ్యమమ్మా."

"నేను టీచర్ను!"

"టీచర్లకు గూడ చెయ్యం."

ఇక మిగిలింది వనపర్తి. అసలు మొదలుపెట్టాల్సిన చోటికి ఆఖరున చేరుకున్నాను. నకళ్లిచ్చే గది ముందు చాలామంది నిలబడి ఉన్నారు. అక్కడి గుమస్తా కళ్లద్దాలు పైకి నెట్టుకుని కంప్యూటరు చూశాడు, పాత రిజిస్టర్లు దించి అవీ చూశాడు. "లేదమ్మా," అన్నాడు.

అప్పటికే నాకు ఒళ్లు మండిపోతోంది. "లేదంటె ఎట్ల? మీరే పోగొట్టిండ్రు! జడ్జిగారికి కంప్లైంట్ ఇస్త!"

"ఇయ్యమ్మా, ఎవరొద్దన్నరు? గని ముందుగాల జర యాది చేస్కో. డిక్రీ ఇచ్చిన జడ్జి ఎవరు?"

"పేరు తెల్వదు. లావుగ ఉంటడు, బట్టతల, నల్లకోటు. మస్తు మంచి మనిషి."

"మంచి మనిషని నీకెట్ల తెలుసు?"

"మా అక్క ఏడుస్తుంటె ఓదార్చిండు సార్. నడుమల మిరపకాయ బజ్జీలు తెప్పిచ్చి అందరికీ పెట్టిండు."

గుమస్తా చేతిలో కలం ఆగిపోయింది. "జడ్జి బజ్జీలు తెప్పిచ్చిండా?"

"చాయ్ గూడ."

"యాడ? కోర్టు హాల్లనా?"

"హాలంటె... రూమే. గీ రోడ్డవతల, జిరాక్స్ షాపు మీద ఉంటది గద, గా రూములనే."

గదిలో వాళ్లంతా నా వైపు తిరిగారు. తర్వాత అందరూ ఒకేసారి నవ్వారు. నా వెనక నిలబడ్డ ఒక ముసలాయన గోడకు ఆనుకుని మరీ నవ్వాడు.

"అమ్మా, ఆయన జడ్జి కాదు, నోటరీ," అన్నాడు గుమస్తా, కళ్లు తుడుచుకుంటూ. "మీ పెద్దమనుషులు పంచాయితీ చేసి, విడిపోతున్నమని బాండు పేపరు మీద రాసిండ్రు. ఆయన ముద్ర కొట్టిండు. గంతే. మీరు కోర్టు గడపే తొక్కలే. కేసే లేనప్పుడు డిక్రీ యాడికెళ్లి వస్తది? కోర్టు లెక్కల మీ అక్క ఇంక ఆంజనేయులు పెండ్లామే."

సిగ్గుతో చచ్చిపోయాను. నల్లకోటు చూశాను, ఎర్ర ముద్ర చూశాను, బజ్జీలు తిన్నాను, విడాకులైపోయాయని ఇంటికి వచ్చాను. ఇన్నేళ్లూ ఊరంతా చాటాను. పిల్లలకు న్యాయవ్యవస్థ పాఠం చెప్పిన మనిషికి కోర్టుకూ జిరాక్స్ షాపుకూ తేడా తెలియదు! తల వంచుకుని వెనక్కి తిరిగితే ఎదురుగా యాదమ్మ. చేతిలో అర్జీ. ఇక చంపేస్తుందనుకున్నాను. కానీ ఆ గదిలో నవ్వని మనిషి ఆమె ఒక్కతే.

నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించి అడిగింది. "ఆ బట్టతలాయన చేతికి రాగి కడెం ఉండెనా?"

"ఉండె. మీకెట్ల తెలుసు?"

యాదమ్మ అర్జీని నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కేసింది. "మాకు పకోడీ పెట్టిండు."

ఆ సాయంత్రం అక్కకు అంతా చెప్పాను. "గదే గద నేను చెప్పవోతి," అంది. "పెద్దమనుషుల కాగితం చాలనుకున్నం. నువ్వేమో కోర్టు కోర్టు అని గింతదూరం తెచ్చినవ్. ఇగ నర్సింహ రాడేమో." విడిపోయిన నాటి నుంచి మళ్లీ ఏడవని మనిషి మగ్గం మీద తల ఆనించి ఏడ్చింది. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ఆ ఒక్క నిజాన్ని ఆమెను మొదటిరోజే చెప్పనిచ్చి ఉంటే, ఈపాటికి కోర్టులో అసలు కేసైనా వేసి ఉండేవాళ్లం.

నర్సింహ మాత్రం వచ్చాడు. "నా కత గూడ గంతే గద సరోజా. ఎన్ని దినాలైనా ఆగుత," అన్నాడు. అక్క తరఫున వకీలును పెట్టుకున్నాం, అతనూ తన కేసు వేసుకున్నాడు. ఆంజనేయులు కూడా ఏ పేచీ పెట్టకుండా వచ్చి, ఇద్దరి ఇష్టంతో విడిపోతున్నామని సంతకం చేశాడు. అతనికీ ఎక్కడో సంబంధం చూస్తున్నారట, అదే కాగితం అతనికీ కావాలి.

చివరి వాయిదా రోజు నిజమైన కోర్టు హాలులోకి మొదటిసారి అడుగుపెట్టాను. జడ్జిగారు అక్కను అడిగారు: "అమ్మా, మీ ఇష్టంతోనే విడిపోతున్నారా? ఎవరైనా బలవంతం చేశారా?"

అక్క నోరు తెరిచింది. వెనక నుంచి నా గొంతు వినిపించింది. "పూర్తి ఇష్టంతోనే మేడం! ఎవ్వరి బలవంతం లేదు! అసలు మొదటి నుంచి ఏమైందంటే..."

జడ్జిగారు తలెత్తారు. "ఎవరామె?"

"మా చెల్లె మేడం," అంది అక్క.

"విడాకులు మీకా, ఆమెకా?"

"నాకే మేడం."

"అయితే ఆమెను బయట కూర్చోమనండి."

అలా, మా అక్కకు నిజంగా విడాకులు మంజూరైన సమయానికి నేను వరండాలో ఉన్నాను. అక్కడ బెంచీ మీద అప్పటికే యాదమ్మ కూర్చుని ఉంది. ఆ రోజే ఆమె తమ్ముడి కేసు కూడా పిలిచారట.

"నిన్ను గూడ ఎల్లగొట్టిండ్రా?" అంది.

"ఊఁ."

"కూసో మరి," అని జరిగింది.

డిక్రీ నకలు అక్కే తెచ్చుకుంది. అర్జీ తనే పెట్టింది, నోటీసు బోర్డు తనే చూసుకుంది, నన్ను బస్సు కూడా ఎక్కనివ్వలేదు. శ్రావణం దాటిపోయినా, మాఘంలో కొత్తకోటలో పెళ్లి జరిగింది.

అందువల్ల, ఈ కథ చదువుతున్న మీ అందరి ముందు చేతులు జోడించి, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట అడగనిదే ఎవరి తరఫునా నోరు విప్పను, ఒక్క మాట మాట్లాడను. దీన్ని నమ్మాలా వద్దా అని మా అక్కను అడిగి ఇబ్బంది పెట్టకండి. ఆమె నమ్ముతుంది. ఆమె తరఫున నేను చెబుతున్నాను.