మిల్లు ఆగిన నాడు ఊక పార్టీ

సూర్యాపేట బస్టాండు ఎదుట రేడియోలు బాగుచేసే దేవదాసు ఒక టేప్‌రికార్డర్‌ను రెండు రోజుల పాటు విప్పి, బిగించి, మళ్లీ విప్పాడు. వెనక్కి తిప్పే మీట పట్టేసిందని తెచ్చారు. ఆ మీట అయిదు నిమిషాల్లో బాగైంది. కానీ లోపలున్న క్యాసెట్ వేస్తే పాట రాదు. గరగర, టకటక, మధ్యలో పెద్ద ఊపిరి లాంటి హోరు. మూడో రోజు టేప్‌రికార్డర్ గల మనిషి వచ్చాడు.

"నా వల్ల కాలేదు తమ్ముడూ. ఆ చప్పుడు పోవడం లేదు," అన్నాడు దేవదాసు చిన్నబోయి.

"ఎట్ల పోతదన్నా? గది మా మిల్లు," అన్నాడు బాల్యా.

అది 1986. ఆత్మకూరు దగ్గరి తండాలో పుట్టిన బాల్యా మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోయడానికి వెళ్లాడు. బెల్టు జారబోతుంటే అందరికంటే ముందు అతని చెవి పట్టేది. అది చూసి యజమాని రామనర్సయ్య అతన్ని యంత్రాల దగ్గర ఆపరేటర్‌గా పెట్టాడు. రోజంతా విన్న చప్పుడులో అతనికి తాళం వినిపించేది. దాన్నే ఒక క్యాసెట్‌లో పట్టుకున్నాడు. సెలవు దొరికితే ఆ క్యాసెట్‌తో సహా తండాకు వెళ్లేవాడు.

"దినమంత ఇనేది సాలదా, ఇంటికి గూడ మోసుకొస్తవా?" అనేది భార్య నీలా. అంటూనే, అతను వింటున్నంతసేపు గిన్నెల చప్పుడు కాకుండా తోముకునేది.

దేవదాసుది కోదాడ. ఆదివారాలు అక్కడి చర్చిలో కీబోర్డు వాయించేవాడు. లోపం కాదని తెలిశాక ఆ చప్పుడును మళ్లీ విన్నాడు. మరుసటి వారం చర్చి వాళ్లనడిగి కీబోర్డు తెచ్చి, మిల్లు హోరు కింద ఒకే ఒక స్వరం సన్నగా నిలబెట్టాడు. బాల్యా కళ్లు మూసుకున్నాడు. లోకంలో ఇంకెక్కడో కూడా కారఖానా మోతతో, కరెంటు వాద్యాలతో పాటలు కట్టేవాళ్లున్నారని ఆ ఇద్దరికీ తెలియదు. దేవుడు ఇద్దరు మనుషులను ఒక చెడిపోయిన మీట దగ్గర కలిపాడు, అంతే.

ఇద్దరూ కలిసి వాయించడం మొదలుపెడితే మిల్లు హమాలీలు వాళ్లను ఎగతాళిగా ఊక పార్టీ అన్నారు. వాళ్లు ఆ పేరే క్యాసెట్ల మీద రాసుకుని, తెలిసినవాళ్లకు ఊరికే పంచారు. చాలామంది వాటి మీద సినిమా పాటలు ఎక్కించుకున్నారు. హుజూర్‌నగర్‌లో వినాయకుడి పందిరి దగ్గర వాయిస్తుంటే, ఎవరో పెద్దాయన జనరేటర్ పాడైందనుకుని దయతో వెళ్లి ఆపేసి వచ్చాడు. కోదాడలో ఒక పెళ్లివారు ముందే కడుపునిండా భోజనం పెట్టి, వాయించవద్దని చేతులు పట్టుకున్నారు. పప్పు బాగుందని ఇద్దరూ దారి పొడుగునా చెప్పుకున్నారు.

అయిదేళ్లు గడిచాయి. దసరాకు మిల్లులో ఆయుధ పూజ అయ్యాక వాయించమని రామనర్సయ్యే పిలిచాడు.

"ఈసారి కూడా జనం లేచిపోతే ఆపేద్దాం బాల్యా. కీబోర్డు ఇక చర్చిలోనే ఉంటుంది. ఎన్నిసార్లని అడిగి తెస్తాను?" అన్నాడు దేవదాసు.

బాల్యా సరే అన్నాడు గానీ ఆ వారం అన్నం సరిగా తినలేదు. నడుస్తున్న మిల్లుకే మైకు కట్టి వినిపించాలని అతని ఆలోచన.

పండుగ రోజు మైకు పట్టుకుని లోపలికి వెళ్లి నిలబడిపోయాడు. మోటారుకు, బెల్టులకు, జల్లెడలకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. పూజ చేసిన యంత్రం ఆ రోజు తిరగదు. ఏటా చూసినవాడే, పాట ధ్యాసలో మరిచిపోయాడు.

"టేపు ఉందిగా, అదే వేద్దాం," అన్నాడు దేవదాసు.

టేప్‌రికార్డర్ అమ్మవారి పటం ముందు దండ వేసుకుని కూర్చుంది. యజమాని భార్య ఆండాళు ప్రేమగా దానికీ బొట్టు పెట్టింది. కీబోర్డు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆగి, "ఇది మీ చర్చిది గదా అయ్యా, ముట్టుకోనులే," అని పక్కనుంచి వెళ్లింది.

"బొట్టు వెట్టినంక రేపటిదాక ముట్టొద్దన్నా," అన్నాడు బాల్యా.

హమాలీలు, వాళ్ల ఇంటివాళ్లు బస్తాల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. దేవదాసు స్వరం పట్టాడు. దాని పైన ఏమీ లేదు. వెనక ఇద్దరు లేచి చెప్పులు వెతుక్కున్నారు.

అప్పుడు నూకలు చెరిగే ఐలమ్మ మూలనుంచి తన చాట తీసింది.

"దీనికెవ్వలు బొట్టు వెట్టలే. దీనికి సెలవెక్కడిది బిడ్డా?" అని గుప్పెడు నూకలు పోసుకుని చెరగసాగింది. చెర్రు, చెర్రు, టప్. బాల్యా తల ఎత్తాడు. అది జల్లెడ తాళమే, కాస్త నిదానంగా. అతను బోర్లించిన గంపను వేళ్లతో తట్టి బెల్టు అతుకు చప్పుడు కలిపాడు. ఒక హమాలీ నవ్వుతూ బస్తా మీద అరచేత్తో చరిచాడు. ఇంకొకడు ఊక ఎగిరినట్టు నోటితో ఊదాడు. రోజూ చెవుల్లో పడేదే, అందరికీ వచ్చు. చెప్పులు దొరికినవాళ్లు కూడా మళ్లీ కూర్చున్నారు.

ప్రసాదం పులిహోర చల్లారేదాకా ఎవరూ లేవలేదు. మూట సర్దుకుంటూ దేవదాసు, "వచ్చే ఆదివారం ప్రార్థన కాగానే కీబోర్డు తెస్తా. గంప నువ్వు తెచ్చుకో," అన్నాడు.

పార్టీ మరో నాలుగేళ్లు నడిచింది. మూడు మిల్లుల్లో, ఒక బడిలో వాయించారు. తరవాత దేవదాసుకు టీవీల పని పెరిగింది, బాల్యా పెద్ద ఆపరేటర్ అయ్యాడు. పోట్లాట లేకుండా ఆగిపోయింది.

కానీ చాట మోగిన ఏడాదికి మరుసటి దసరా సంగతి చెప్పాలి. ఆండాళు ఆ ఏడు అన్నిటికంటే ముందు ఐలమ్మ చాటకు బొట్టు పెట్టింది. తరవాత గంపకు పెట్టింది. కుంకుమ గిన్నెతో ఇంకా వెతుకుతుంటే బాల్యా రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"గీ చేతులకు మాత్రం వెట్టకమ్మా. జర పనుంది," అన్నాడు.