విరూర్‌లో విన్న మా తరగతి గొంతు

కాగజ్‌నగర్ దగ్గర నేను ఇంగ్లిష్ చెప్పే బడి ఉంది. జిల్లాలు విడగొట్టిన ఏడాది, బోర్డు మీద ఆదిలాబాద్ చెరిపి కొత్త జిల్లా పేరు రాస్తున్న రోజులు. ప్రతి శనివారం పొద్దున మా ఆరో తరగతి, మహారాష్ట్ర సరిహద్దు అవతల విరూర్‌లోని మరాఠీ బడి ఆరో తరగతి స్పీకర్ ఫోన్‌లో ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేవి. రెండు చోట్లా చాలామంది ఇళ్లలో తెలుగే, అయినా ఆ అరగంట తెలుగు బంద్. మా హెడ్‌మాస్టర్‌కు మాత్రం నమ్మకం లేదు. "పిల్లలు మాట్లాడుతున్రా, పక్కన నిలబడి నువ్వే మాట్లాడిస్తున్నవా? ఈ శనివారం నువ్వు లేకుండ మాట్లాడితే నడుపు, లేకుంటే బంద్ పెట్టు" అన్నారు. బడిలో ఉంటే నా నోరు ఊరుకోదు. అందుకే విరూర్ బయల్దేరాను.

పొద్దుటి పాసింజర్‌కు టికెట్ పది రూపాయలు, ప్రయాణం సుమారు గంట. దారి పొడవునా పత్తి చేలు. స్టేషన్ బయట ఆటో అతను ఇరవై అడిగాడు. మరాఠీ బడికి అనగానే అతని ముఖం వెలిగింది. "శాళకా సార్? మా పోరి గాడనే సదువుతది. శనివారమొస్తే పొద్దుగాలనే ఇంగ్లిష్ మొదలువెడ్తది. మాకేం సమజ్ కాదు గని, ఇంటుంటే మంచిగనిపిస్తది."

అక్కడి టీచర్ లక్ష్మి మా వదిన చెల్లెలు. రాజురా వైపు రైతుల బిడ్డ. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం మరాఠీలోనే. గొంతు పెద్దగా వినబడాలని వంటగది నుంచి స్టీలు గిన్నె తెచ్చి ఫోన్‌ను అందులో నిలబెట్టింది. "నువ్వున్నవని అవతల తెల్వద్దు. జర నోరు మూసుకొని ఎనక కూసో బావా" అంది.

ఫోన్ మోగింది. అవతల మా హెడ్‌మాస్టర్ ఫోన్ బల్ల మీద పెట్టి పక్కకు జరిగినట్టున్నారు. తర్వాత మా తరగతి రజిత గొంతు, "గుడ్ మార్నింగ్ విరూర్" అని. ఆ వారం విషయం వంట. పప్పు ఎలా వండుతారో చెబుతూ చింతపండు దగ్గర ఆగిపోయింది. ఆ ఇంగ్లిష్ మాట నా నాలుక చివరనే ఉంది. పళ్లు బిగబట్టాను. "ఇట్ ఈజ్ బ్రౌన్. వెరీ సోర్. కమ్స్ ఫ్రమ్ బిగ్ ట్రీ" అంది రజిత. విరూర్ పిల్లలకు అర్థమై నోట్లో నీళ్లూరినట్టు చప్పరించారు. నేనక్కడ ఉంటే ఆ ఒక్క మాట అందించి, ఈ మూడు వాక్యాలూ పుట్టనిచ్చేవాణ్ణి కాదు.

చివర్లో, గేటు దగ్గర ఆటో అతను చూపించిన అతని కూతురు నావైపు ఓరగా చూస్తూ ఫోన్‌లో అడిగింది, "వేర్ ఈజ్ యువర్ సర్?"

"సర్ ఈజ్ ఆబ్సెంట్. నో ప్రాబ్లమ్" అంది రజిత.

తరగతంతా వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. ఏడాదిగా ఆ పిల్లల పక్కన నిలబడి వాళ్ల తప్పులే విన్నాను. ఈవలి వైపు కూర్చుంటే వాళ్ల మాటలు వినబడ్డాయి. తిరుగు బండి కోసం ప్లాట్‌ఫాం మీద ఉండగా హెడ్‌మాస్టర్ ఫోన్ చేశారు. "నడుపు. గని వచ్చే శనివారం గుడ నువ్వు బయటనే ఉండు."

మీరూ ఇలాంటి బడి చూడాలనుకుంటే ముందుగా టీచర్‌ను అడిగి శనివారం పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికల్లా తాళం వేస్తారు. పిల్లలు మాట కోసం తడుముకుంటే మాత్రం అందించకండి.