పగుళ్లకు ఆముదం

దేవకుమారికి కుదురుగా కూర్చోవడం చేతకాదు. గడ్డి కోసే బండి సీటు మీద తప్ప ఆవిడ ఎక్కడైనా రెండు నిమిషాలు నిలకడగా ఉండగా నేను చూడలేదు. మా కాలేజీ చిలకలూరిపేట రోడ్డు మీద, పత్తిచేల మధ్య ఉంది. నేను అక్కడ లైబ్రరీ చూసుకుంటాను. నా కిటికీకి ఎదురుగానే ఆటల మైదానం. పుస్తకాలు అడిగేవాళ్లు ఎలాగూ లేరు కాబట్టి, ఆవిడ గడ్డి కోస్తుంటే చూస్తూ కూర్చుంటాను. జీతం మాత్రం లైబ్రరీకే ఇస్తున్నారు.

ఇక్కడికి రాకముందు ఇరవై రెండేళ్లు ఆవిడ గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయలకు తొడిమలు తీసింది. పగలంతా దగ్గు, తుమ్ములు, వేళ్లకు మంట. ఇంటికెళ్లాక పగిలిన వేళ్లకు ఆముదం రాసుకోవడం. ఐదేళ్ల కిందట మా దగ్గర తోటపనికి చేరింది. అప్పుడే కాలేజీవాళ్లు ఒక పాత గడ్డికోత బండి కొన్నారు. దాన్ని నడపడానికి మగవాళ్లు నామోషీ పడ్డారు, బొమ్మబండిలా ఉందని. ఈవిడ చీరకొంగు నడుముకు చుట్టి ఎక్కేసింది. ఆ రోజు నుంచీ ఆ సీటు ఆవిడదే.

ఈ ఏడు వేసవి సెలవుల్లో బండిని రెండు నెలలు ఎండలో వదిలేశారు. జూన్‌లో చూస్తే టైర్లు నాలుగూ బీటలు వారిన రేగడి చేనులా పగిలి ఉన్నాయి. పొద్దున గాలి కొడితే మధ్యాహ్నానికి దిగిపోయేది. తోటపని చూసే సూపర్‌వైజర్ త్రినాథ్ ఒకటే మాట అన్నాడు.

"ఈ సైజు టైర్లు ఇక్కడ దొరకవు. బండి పాత సామాన్లకి వేసేస్తా. భుజానికి తగిలించుకుని కోసే మిషన్లు రెండు తెచ్చి ఇద్దరు మగాళ్లని పెడతా. నువ్వు వేరే పని చూసుకో."

వేరే పని అంటే ఆవిడకు తెలిసింది తొడిమలే. ఇక చూడండి, కాలుగాలిన పిల్లిలా తిరిగింది. గంటకోసారి టైరు నొక్కి చూడడం, గాలిపంపు పట్టుకుని పరుగెత్తడం. చూసేవాళ్లకే ఆయాసం వచ్చేది. చివరికి రోడ్డు మీద పంక్చర్లు వేసే ఇమాం హుస్సేన్‌ను బతిమాలి తీసుకొచ్చింది. అతను టైర్ల లోపల పాత టైరు ముక్కలు అతికించి, ట్యూబులు వేశాడు.

"నెమ్మదిగా నడుపుకో చెల్లెమ్మా, ఈ వానాకాలం లాగించొచ్చు" అన్నాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ పగుళ్లు కంటికి కనిపిస్తుంటే ఆవిడకు నిద్రపట్టలేదు. రోజూ పని అయ్యాక చిన్న సీసా తెచ్చి నాలుగు టైర్లకూ ఆముదం పట్టించింది. బీటల్లోకి, రిమ్ము అంచుల్లోకి వేలితో అద్ది మరీ రాసింది. వారం తిరిగేసరికి టైర్లు నల్లగా నిగనిగలాడాయి. "కొత్తవాటిలా ఉన్నాయి దేవకుమారీ" అని నేనే మెచ్చుకున్నాను. పైన పటారం, లోన లొటారం అని నాకు మాత్రం ఏం తెలుసు?

ఆగస్టులో కాలేజీకి తనిఖీ బృందం వస్తున్నదనగా, ముందురోజు మైదానం కోయడానికి దిగింది. సగం కోసిందో లేదో, వెనక టైరు చప్పున కూలబడింది. త్రినాథ్ వచ్చాడు, ఇమాం హుస్సేన్‌ను పిలిపించాడు. అతను కింద కూర్చోకముందే త్రినాథ్ అందరి ముందూ తగులుకున్నాడు.

"తూతూమంత్రంగా పని చేసి పోతావా? ఇంకోసారి ఈ గేటు లోపలికి అడుగుపెట్టావంటే చూడు!"

ఇమాం హుస్సేన్ టైరు విప్పాడు. రిమ్ము అంచు వేలితో తడిమాడు. వేలు వాసన చూశాడు. అతనికి అర్థమైంది. నూనె జారుడుకు టైరు పట్టు తప్పి రిమ్ము మీద జారి తిరిగింది, దాంతో ట్యూబుకు గాలి కొట్టే నాజిలు తెగింది. అతను తలెత్తి దేవకుమారి వంక ఒక్కసారి చూశాడు. మళ్లీ తలదించుకుని, "నాదే పొరపాటు సార్" అన్నాడు.

ఆముదం సంగతి నాకూ తెలుసు. నోరు మెదపలేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

"ఆయన తప్పేం లేదు సార్" అంది దేవకుమారి. "నేనే ఆముదం రాశాను. రోజూ రాశాను."

"టైర్లకి ఆముదమా? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి సార్? పగుళ్లకి మేం రాసుకునేది అదేగా" అని రెండు చేతులూ చాపింది. త్రినాథ్ ఆ వేళ్ల వైపు చూసి, బాగుచెయ్యమని ఇమాం హుస్సేన్‌కు సైగ చేశాడు.

ఇమాం హుస్సేన్ రిమ్ములు నాలుగూ సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, టైర్ల అంచుల్ని రిమ్ములకు పట్టి ఉండేలా చిన్న స్క్రూలు బిగించాడు. తెగిన ట్యూబు మార్చాడు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆవిడ బండి చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఇక జారదు. కానీ రబ్బరు చచ్చిపోయింది సార్. వానలు తగ్గేదాకా ఉంటే గొప్ప" అన్నాడు లేస్తూ.

"విన్నావుగా?" అన్నాడు త్రినాథ్. ఈసారి గొంతు తగ్గింది. "ఆ తర్వాత మిషన్లు తేక తప్పదు. ఇద్దరు మనుషుల్ని చూడాలి."

"ఒకణ్ణి చూడండి చాలు. రెండో మిషను నాకివ్వండి."

"ఎనిమిది కిలోల బరువు. పొద్దస్తమానం భుజాన మొయ్యాలి."

"నలభై కిలోల మిరప టిక్కీ బస్తాలు ఎత్తినదాన్ని సార్. ఏదైనా మోస్తాను. తొడిమలకి మాత్రం పోను."

సగం గడ్డి ఇంకా నిలబడే ఉంది. ఆవిడ జవాబు కోసం ఆగకుండా బండి ఎక్కి కూర్చుంది.